అబిడ్స్ ఆదివారపు పుస్తకాల బజారు: మాంగా చిత్రకారుల దినచర్యను వెతుక్కునేవారి కోసం ఒక సమీక్ష

ఆదివారం అబిడ్స్‌లో పెద్ద దుకాణాలు మూసి ఉన్న వేళ, జనరల్ పోస్టాఫీసు పరిసరాల నుంచి చిరాగ్ అలీ గల్లీ వైపు, మరో పక్క కోఠి దారిలో కొంత మేర, ఫుట్‌పాత్ పొడవునా పరిచే పాత పుస్తకాల బజారును హైదరాబాదు పాఠకులకు కొత్తగా పరిచయం చేయవలసిన అవసరం లేదు. పోటీ పరీక్షల పుస్తకాల కోసమో, పిల్లల నిఘంటువు కోసమో ఏదో ఒక ఆదివారం అక్కడ నడుము వంచి వెతకని ఇల్లు ఈ ఊళ్ళో తక్కువ. నేను గత మూడేళ్ళుగా అక్కడికి ఒకే పని మీద వెళుతున్నాను. జపాను బొమ్మల కథల పుస్తకాలు, అంటే మాంగా, కొనడానికి. అందులోనూ ఆ బొమ్మలు గీసినవారు కలం పక్కన పెట్టిన వేళల్లో ఏం తింటారో, ఎప్పుడు పడుకుంటారో, దేనితో పొద్దుపుచ్చుతారో తెలిపే పేజీలున్న పుస్తకాలను ఏరుకోవడానికి. ఆ ఒక్క అవసరానికి ఈ బజారు ఎంతవరకు పనికివస్తుందో చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను.

నేను పిల్లల పత్రికలకు, పాఠ్యపుస్తకాలకు బొమ్మలు వేస్తాను. విద్యానగర్‌లో మా ఇంట్లోనే ఒక గదిలో బల్ల వేసుకుని పని చేసుకుంటాను. జీతమూ, హాజరు పట్టీ, సెలవు దినమూ లేని పని కావడం వల్ల, పగలు ఇంటి పనులకు పోగా మిగిలిన బొమ్మలన్నీ రాత్రి నెత్తిన పడేవి. తెల్లవారుజామున మూడింటికి దీపం ఆర్పడం, పదింటికి లేచి టీతోనే కడుపు నింపుకోవడం ఏళ్ళ తరబడి అలవాటైపోయింది. 2022 చలికాలంలో మెడ ఎడమ పక్కకు తిరగని స్థితి వచ్చినప్పుడు, డాక్టరుగారు నొప్పి సంగతి విన్న తరువాత నా రోజు ఎలా గడుస్తుందో చెప్పమన్నారు. గీయడం తప్ప చెప్పడానికి నా దగ్గర మరో మాట లేకపోయింది. బొమ్మలు గీసి బతికే ఇతరులు మిగతా రోజును ఏం చేసుకుంటారో తెలుసుకోవాలన్న తపన ఆ రోజున మొదలైంది.

మన భాషలో ఆ సమాచారం అరుదుగా దొరుకుతుంది. చందమామ ముఖచిత్రాల మీద వ.పా. అన్న సంతకం చూస్తూ పెరిగిన తరం మాది. విక్రమార్కుడి భుజాన బేతాళుణ్ణి వేసిన శంకర్‌గారు ఆ పత్రికకు దాదాపు ఆరు దశాబ్దాలు బొమ్మలు వేశారు. అయినా వారు మధ్యాహ్నం కునుకు తీసేవారా, సాయంత్రం నడకకు వెళ్ళేవారా అన్న మాట ఆ పత్రిక పేజీల్లో చదివిన గుర్తు నాకు లేదు. గీసినవారు గీత వెనకాలే ఉండిపోవడం మన దగ్గర మర్యాద. అది గొప్ప మర్యాదే కాని, ఆ దారిలో వెనక నడిచి వచ్చేవారికి మాత్రం దారి ఖర్చు ఎంతవుతుందో తెలియకుండా పోతుంది.

జపాను ఆనవాయితీ వేరు. అక్కడ పత్రికల్లో విడివిడిగా వచ్చిన భాగాలను పోగుచేసి, ఇంచుమించు 200 పేజీల చిన్న సంపుటాలుగా వేస్తారు. వాటిని ట్యాంకోబాన్ అంటారు. సంపుటం మీద వదులుగా తొడిగే పై అట్టకు లోపలి మడత ఒకటి ఉంటుంది. ఆ మడత మీద చిత్రకారులు నాలుగైదు వాక్యాలు రాసుకుంటారు. కథ గురించే రాయాలన్న నియమం లేదు కనుక పళ్ళ నొప్పి, కొత్తగా తెచ్చుకున్న కుక్కపిల్ల, గది మారిన సంగతి, ఎండ తీవ్రత, ఏదైనా రావచ్చు. 1968లో మొదలైన షోనెన్ జంప్ అనే పత్రికలో విషయసూచిక పేజీ మీద కూడా ప్రతి చిత్రకారుడి నుంచి ఆ వారానికి ఒకటి రెండు వాక్యాలు అచ్చవుతాయి. మన దగ్గర దొరికే ఇంగ్లీషు అనువాదాలకు వదులు అట్ట ఉండదు. అందువల్ల విజ్ మీడియా వారి చాలా సంపుటాల్లో ఆ మడత మీది మాటలు పుస్తకం తెరవగానే వచ్చే మొదటి పేజీ మీదికి చేరాయి. నేను అబిడ్స్‌లో పుస్తకం చేతిలోకి తీసుకోగానే వెతికేది ఆ పేజీనే.

పాత పుస్తకంలో అన్నిటికన్నా ముందు చిరిగేది కూడా ఆ పేజీయే. మొదటి యజమాని తన పేరూ తరగతీ రాసుకునేది దాని మీదే. రెండవ యజమాని ఆ పేరు కనబడకూడదని చించేసేదీ దాన్నే. ఈ బజారులో మాంగా కొనేవారు మొదట తెలుసుకోవలసిన విషయం ఇది. జపాను పుస్తకాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి కనుక, మనకు వెనుక అట్టలా కనిపించే వైపు నుంచి తెరవాలి. అమ్మేవారిలో కొందరు అలవాటు కొద్దీ మన పుస్తకాలలాగే పేరుస్తారు, అసలు మొదటి పేజీ కిందికి పోయి దుమ్ములో రాసుకుంటూ ఉంటుంది. కాబట్టి దొంతర పై నుంచి చూసి పుస్తకం బాగుందని అనుకోకుండా, తిప్పి చూడడం మంచిది.

ఈ మూడేళ్ళలో నాకు ఇక్కడ దొరికిన వాటిలో నాకు అన్నిటికన్నా ప్రియమైనవి హిరోము అరకావా సంపుటాలు. ఆమె హొక్కైడోలో పాడి రైతు కుటుంబంలో పుట్టి, వ్యవసాయ పాఠశాలలో చదివి, ఆ తరువాత ఏడేళ్ళు తల్లిదండ్రుల పొలంలోనే పని చేసి, 1999లో టోక్యో చేరి చిత్రకారిణి అయ్యారు. తన బొమ్మ వేసుకోవలసిన చోటల్లా ఆమె కళ్ళద్దాలు పెట్టుకున్న ఆవు బొమ్మ వేసుకుంటారు. పొద్దున్నే లేచి పశువులకు మేత వేసి, పాలు పితికి, ఆపైనే మిగతా పని చూసుకునే ఇంట్లో పెరిగిన మనిషి గడువులకు భయపడకుండా నెలల తరబడి పని చేయగలగడంలో ఆశ్చర్యం లేదనిపిస్తుంది. మా అమ్మమ్మగారి ఊళ్ళో పాడి ఉన్న ఇళ్ళవాళ్ళకు గడియారం అక్కర లేకపోయేది, గేదె అరుపే వాళ్ళను లేపేది. ఆ ఆవు బొమ్మ చూసిన ప్రతిసారీ నాకు ఆ పెరడు గుర్తుకు వస్తుంది.

అకిరా తొరియామా సంపుటాలు ఇక్కడ తరచుగానే దొరుకుతాయి. డ్రాగన్ బాల్ 1984 నుంచి 1995 వరకు వారం వారం నడిచి 42 సంపుటాలైంది. దానికి ముందు డాక్టర్ స్లంప్ మరో నాలుగేళ్ళు నడిచింది. అంత ఎడతెగని పనిలో ఉన్నా ఆయన టోక్యో చేరకుండా తన స్వస్థలమైన ఐచి ప్రాంతంలోనే ఉండి గీశారు. తన బొమ్మను ముఖానికి గ్యాస్ మాస్క్ తగిలించుకున్న చిన్న మరమనిషిగా వేసుకునేవారు. మోటారు సైకిళ్ళన్నా, కార్లన్నా, చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు అతికించి యుద్ధవాహనాల నమూనాలు చేయడమన్నా ఆయనకు ఎంతో ఇష్టం. బొమ్మలు గీయడం నుంచి విశ్రాంతి కోసం మళ్ళీ చేతితోనే మరో పని చేయడం మొదట నాకు వింతగా తోచింది. కాని ఆయన గీసిన యంత్రాలను దగ్గరగా చూస్తే, ప్రతి చక్రం ఇరుసుకు ఎక్కడ తగులుతుందో, ప్రతి గొట్టం ఎక్కడ నుంచి వస్తుందో తెలిసిన చేయి వాటిని గీసిందని అర్థమవుతుంది. 2024 మార్చి 1న ఆయన 68వ ఏట మరణించారు. ఆ వార్త తెలిసిన ఆదివారం బజారులో ఆయన పుస్తకాలు ఎక్కడున్నాయని కాలేజీ పిల్లలు వరసగా అడుగుతుంటే, అమ్మే ఆయన ఉన్న ఆరు ప్రతులనూ ముందు వరుసలోకి తెచ్చి పెట్టారు. ధర మాత్రం పెంచలేదు. నాకు ఆ దొంతర మీద గౌరవం కుదిరింది ఆ రోజే.

ఒసాము తెజుకా "బుద్ధ" సంపుటాలు ఈ బజారులో కొంత ఓపిక పడితే దొరుకుతాయి. అవి మొత్తం 8, విడివిడిగానే వస్తాయి. వరసగా ఎనిమిదీ ఒకే చోట చూసే భాగ్యం నాకు ఇంతవరకు కలగలేదు. తెజుకా వైద్యం చదివి పట్టా పొందిన మనిషి. చిన్నప్పుడు పురుగులు పట్టి భద్రపరిచే అలవాటు ఎంత గాఢమైనదంటే, ఒసాము అన్న తన పేరును రాసేటప్పుడు చివర పురుగు అన్న అర్థమిచ్చే అక్షరాన్ని చేర్చుకున్నారు. పియానో వాయించేవారు. తన కథల్లో అక్కడక్కడా బెరెట్ టోపీ, మందపాటి కళ్ళద్దాలు, పెద్ద ముక్కుతో తానే వచ్చి పోతుంటారు. పురుగుల కాళ్ళను అంత శ్రద్ధగా చూసిన చిన్నవాడు, పెద్దయ్యాక అడవిలో చీమ నుంచి ఏనుగు దాకా ప్రతి ప్రాణికీ ఒక ముఖం ఇచ్చాడని "బుద్ధ" చదివేటప్పుడు నాకు పదే పదే తోచింది.

అయితే తెజుకా దినచర్యను ఎవరికీ ఆదర్శంగా చెప్పలేను. ఆయన జీవితకాలంలో గీసిన పేజీలను సుమారు 1,50,000గా లెక్కిస్తారు. అంత పని నిద్ర తగ్గించుకునే సాధ్యమైంది. ఆయన 1989 ఫిబ్రవరిలో 60వ ఏట కడుపు క్యాన్సర్‌తో మరణించారు. ఆయన శిష్యతరంలో అంతే విస్తారంగా గీసిన షోతారో ఇషినోమోరి 1998 జనవరిలో, ఆయన కూడా 60వ ఏటే, వెళ్ళిపోయారు. వీరిద్దరికీ భిన్నంగా నిలిచినవారు షిగెరు మిజుకి. రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లోని రబౌల్ వద్ద ఎడమ చేయి పోగొట్టుకుని, మిగిలిన ఒక్క చేత్తో దయ్యాల కథలు గీసి దేశమంతటికీ ప్రియమైన ఈ పెద్దమనిషి నిద్ర విషయంలో ఎవరి మాటా వినేవారు కాదు. నిద్ర చాలకుండా పని చేయడం గొప్ప అనుకోవడాన్ని ఆయన ఒప్పుకోలేదు. తెజుకా, ఇషినోమోరి తాము నిద్ర మాని పని చేసిన సంగతి గర్వంగా చెప్పుకున్న సందర్భాన్ని గుర్తు చేసుకుంటూ, నిద్రను చులకన చేయకూడదని ఒక చిన్న బొమ్మల కథే గీశారు. తాను మాత్రం కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి 93 ఏళ్ళు బతికారు. ఒకరి ఆయుష్షును వారి నిద్ర గంటలతో కొలవడం నా ఉద్దేశం కాదు, క్యాన్సర్‌కు కారణం చెప్పే చదువూ నాది కాదు. మెడ పట్టేసి పడుకుని ఉన్న నాకు మాత్రం, అంత పని చేసిన ఒక చిత్రకారుడు ముందు నిద్రపో అని చెప్పడం డాక్టరుగారి మాట కన్నా బలంగా తగిలింది.

శరీరం ఎదురు తిరిగిన కథలు కూడా ఈ పేజీల్లో దాపరికం లేకుండా ఉంటాయి. యోషిహిరో తొగాషి నడుము నొప్పి మాంగా చదివేవారందరికీ తెలిసినదే. దాదాపు రెండేళ్ళ పాటు కుర్చీలో కూర్చోలేక గీయలేకపోయానని ఆయన 2022లో స్వయంగా పాఠకులకు చెప్పారు. ఆయన కథలు ఏళ్ళ తరబడి ఆగిపోవడాన్ని విసుక్కునే కుర్రవాళ్ళను బజారులోనే చూశాను. బల్ల ముందు కూర్చోలేకపోవడం ఎలా ఉంటుందో అనుభవించిన తరువాత, ఆ విరామాల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇందుకు పూర్తిగా వేరైన ఉదాహరణ ఒసాము అకిమొతో. పోలీసు ఠాణా నేపథ్యంలో ఆయన గీసిన హాస్యకథ 1976 నుంచి 2016 వరకు 40 ఏళ్ళు, ఒక్క వారం కూడా తప్పకుండా నడిచి, 200 సంపుటాలైంది. ఆయన తన పని గదిని కార్యాలయంలా నడిపారు. సహాయకులు వేళకు వస్తారు, వేళకు వెళతారు. రాత్రి జాగరణ లేకుండా నాలుగు దశాబ్దాలు గడువు తప్పకపోవడం సాధ్యమేనన్న సంగతి నాకు తెలిసిన బొమ్మల వాళ్ళందరికీ చెబుతూ ఉంటాను.

బొమ్మ పక్కన పెట్టిన వేళల్లో ఒక్కొక్కరి ఇష్టం ఒక్కో తీరు. రుమికో తకహాషి హాన్షిన్ టైగర్స్ బేస్‌బాల్ జట్టుకు వీరాభిమాని. బాస్కెట్‌బాల్ కథతో పేరు తెచ్చుకున్న తకెహికో ఇనోవే 2006లో ఒక ఉపకార వేతనం నెలకొల్పి, జపాను కుర్రవాళ్ళను ఆ ఆట నేర్చుకోవడానికి అమెరికా పంపే ఏర్పాటు చేశారు. నవోకో తకెయుచి ఫార్మసీ చదివి లైసెన్సు పొందిన మనిషి. మన పిల్లలకు టీవీలో బాగా తెలిసిన డోరేమాన్ సృష్టికర్త ఫుజికో ఎఫ్. ఫుజియో, ఎంత పేరు వచ్చినా, కవాసాకిలోని ఇంటి నుంచి షింజుకులోని పని గదికి అందరితో పాటు ఒడాక్యూ రైలు ఎక్కి వెళ్ళేవారు. లకడీ కా పూల్ దగ్గర మెట్రో ఎక్కే గుమాస్తాలను చూసినప్పుడల్లా, వీరిలో డోరేమాన్‌ను గీసే మనిషి ఉండవచ్చు కదా అని నాకు అనిపిస్తుంది.

తిండి సంగతి చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. పెద్ద మాంగా పని గదుల్లో సహాయకులందరికీ అన్నం వండి పెట్టడానికే ప్రత్యేకంగా ఒక మనిషి ఉండడం కద్దు. అన్నం అన్న జపాను మాటకు సహాయకుడు అన్న ఇంగ్లీషు మాటను జోడించి ఆ మనిషిని మెషిస్టాంట్ అంటారు. టోక్యోలో తోకివాసో అన్న రెండంతస్తుల చెక్క మేడ ఒకటి ఉండేది. తెజుకా 1953లో అందులో ఒక గదిలోకి దిగారు. ఆ తరువాత ఫుజికో, ఇషినోమోరి మొదలైన యువ చిత్రకారులు చేరారు. ఒక్కో గది నాలుగున్నర జపాను చాపలు పరిచేంత, అంటే మన లెక్కలో 80 చదరపు అడుగులకు కాస్త అటూ ఇటూ. వంటగది ఉమ్మడి, స్నానానికి బయట ఊరి స్నానశాలకు పోవాలి. హిరోవో తెరాదా అనే అన్నగారి లాంటి మనిషి గదిలో అందరూ చేరి, చవక సారాయిలో సోడా కలుపుకుని, వేయించిన క్యాబేజీతో సర్దుకునేవారు. ఆ మేడ 1982లో కూల్చేశారు. 2020 జూలైలో దాన్ని అచ్చంగా అలాగే మళ్ళీ కట్టి ప్రదర్శనశాలగా తెరిచారు. క్యాబేజీ వాసన వచ్చే ఆ ఉమ్మడి వంటగది నాకు అశోక్‌నగర్‌లో పరీక్షలకు చదువుకునే పిల్లల గదులను గుర్తు చేస్తుంది. గది నలుగురిది, కుక్కర్ ఒక్కటి, అన్నం అందరిది.

ఇక కొనుగోలు సంగతులకు వస్తాను. కొత్త సంపుటం దుకాణంలో 400 నుంచి 600 రూపాయల దాకా పలుకుతుంది. అబిడ్స్‌లో నేను 120 నుంచి 200 మధ్య ఇచ్చాను. అట్ట నలిగినదైతే 80కి కూడా దొరికింది. బేరం ఆడవచ్చు కాని, ఒక సంపుటం మీద 20 రూపాయల కోసం వాదించడం కన్నా నాలుగు కలిపి తీసుకుంటానని చెప్పడం ఇక్కడ పనిచేసే పద్ధతి. ఉదయం పదిన్నర లోపు వెళితే మంచివి దొరుకుతాయి. పన్నెండు దాటితే ఎండ, జనం రెండూ పెరుగుతాయి, కుర్రవాళ్ళు ఏరుకోగా మిగిలినవే చేతికి వస్తాయి. వాహనం నిలపడం కష్టం కనుక నాంపల్లి మెట్రో స్టేషన్‌లో దిగి నడిచి రావడం సుఖం. వానాకాలంలో తార్పాలిన్ కప్పిన దొంతరల అడుగున చెమ్మ పట్టి ఉంటుంది. ఆ నెలల్లో కొన్న పుస్తకాన్ని ఇంటికి రాగానే అల్మరాలో పెట్టకుండా రెండు రోజులు నీడలో గాలికి ఆరబెట్టి, పేజీల మధ్య ఎండిన వేపాకు ఉంచితే రామబాణం పురుగు పట్టదు.

నకలు ప్రతుల బెడద మాత్రం ఈ బజారుకు పెద్ద లోపం, దీన్ని దాచడం ధర్మం కాదు. నాకు మొదటి దెబ్బ అబిడ్స్‌లో కాకుండా ఆన్‌లైన్‌లో తగిలింది. పది సంపుటాల కట్ట చవకగా ఇస్తానన్న ఒక అమ్మకందారు పంపినవన్నీ దొంగ ముద్రణలే. వాటిలో నేను ఎదురుచూసిన చిత్రకారుడి మాటల పేజీ ఒక్కదానిలో కూడా లేదు. అడిగితే కథంతా ఉంది కదా అన్న జవాబు వచ్చింది, డబ్బు వెనక్కి రాలేదు. కథంతా ఉన్నా, దాన్ని గీసిన మనిషిని మాత్రం కత్తిరించి పారేశారన్న బాధ నన్ను చాలా రోజులు వదలలేదు. అబిడ్స్‌లోనూ అలాంటి ప్రతులు రెండు మూడు దొంతరల్లో కొత్త పుస్తకాల పక్కనే మెరుస్తూ ఉంటాయి.

వాటిని గుర్తుపట్టడానికి నేను పాటించే పద్ధతి ఇది. మాంగాలో నీడలూ, బట్టల రంగులూ, సంధ్యాకాశమూ అన్నీ స్క్రీన్‌టోన్ అనే చుక్కల పొరతో ఏర్పడతాయి. పేజీని కంటికి జానెడు దూరంలోకి తెస్తే అసలు ప్రతిలో ఆ చుక్కలు ఆవాల కన్నా ఎంతో చిన్నవిగా, ఒకదానికొకటి తగలకుండా, వరస తప్పకుండా విడివిడిగా కనబడతాయి. నకలు ప్రతిలో అవి కరిగి బూడిద మరకలవుతాయి, లేదంటే పలుచని ఓణీ రెండు మడతలు ఒకదాని మీద ఒకటి పడినప్పుడు తేలే అలల వంటి చారలు పేజీ మీద తేలతాయి. వెన్ను దగ్గర మాటలు సగం లోపలికి పోయి ఉంటాయి. పేజీని వేలితో రుద్దితే కొన్నిసార్లు సిరా అంటుతుంది. తక్కువ డబ్బున్న విద్యార్థి నకలు ప్రతి కొనుక్కుంటే నేను తప్పు పట్టను. కాని నడుము విరిగేలా గీసిన మనిషికి ఆ అమ్మకంలో ఒక్క పైసా చేరదన్న సంగతి తెలిసి కొనాలి.

ఈ విషయంలో అమ్మేవారందరినీ ఒకే గాటన కట్టకూడదు. నేను ఎక్కువగా కొనే దొంతర ఆయన చదివింది పదో తరగతి వరకేనని చెప్పారు, మాంగా ఒక్క పేజీ చదవలేదు. అయినా ఏ కొనుగోలుదారు ఏం చూస్తాడో కనిపెట్టడంలో ఆయనకు సాటి లేదు. మొదటి ఏడాది నేను ప్రతి పుస్తకాన్నీ వెనుక నుంచి తెరిచి ఒక్క పేజీ చదివి పెట్టేయడం గమనించి, ఒక ఆదివారం ఆయనే బల్ల కింద నుంచి గోనెసంచి తీశారు. "అక్కా, మీరు కథ సూడరు, మొదటి పేజీ సూస్తరు. గా పేజీ మంచిగున్నయే పక్కకు వెట్టిన," అన్నారు. అందులో తొమ్మిది సంపుటాలున్నాయి. మరోసారి నేను ఒక మెరిసే అట్ట మీద చేయి వేయగానే, "గిది నకలు అక్కా, మీకు ఇయ్య," అని వెనక్కి తీసుకున్నారు. ఆయన దగ్గరా నకలు ప్రతులు ఉన్నాయన్నది నిజమే. అడిగినవారికి అది నకలని చెప్పి అమ్ముతారన్నదీ నిజమే.

ఎంపిక విషయానికి వస్తే, ఇక్కడ దొరికేవి చాలావరకు పోరాటాల కథలు, కుర్రవాళ్ళకు ఇష్టమైనవి. వన్ పీస్ సంపుటాలు ఎప్పుడూ ఉంటాయి. 1997లో మొదలై ఇంకా నడుస్తున్న ఆ కథలో ఎయిచిరో ఒడా అధ్యాయాల మధ్య పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే పేజీలు ఉంటాయి, చిత్రకారుడి స్వభావం తెలుసుకోవాలనుకునేవారికి అవి మొదటి పేజీ కన్నా ఎక్కువ ఇస్తాయి. స్త్రీలు గీసిన కథలు తక్కువ, చిత్రకారులు సొంత జీవితాన్నే కథగా గీసుకున్న పుస్తకాలు మరీ తక్కువ. వాటి కోసం డిసెంబరులో జరిగే హైదరాబాదు పుస్తక ప్రదర్శన దాకా ఆగడమో, కొత్తవి తెప్పించుకోవడమో చేయాలి. తెలుగు అనువాదాలు ఉంటాయేమోనని వచ్చేవారు నిరాశ పడతారు. నేను ఒక్కటి కూడా ఇక్కడ చూడలేదు.

నా మట్టుకు ఈ బజారు వల్ల కలిగిన లాభాన్ని కూడా చెప్పాలి. ఇప్పుడు రాత్రి పదకొండు తరువాత కలం పట్టను. ఉదయం ఆరింటికి ఉస్మానియా విశ్వవిద్యాలయం చెట్ల కింద నలభై నిమిషాలు నడుస్తాను. ఆదివారం అసలు గీయను, అబిడ్స్‌కు వెళతాను. కిందటి ఏడాది నుంచి మట్టితో చిన్న చిన్న బండ్లు, ఎడ్లు చేయడం మొదలుపెట్టాను. కొండపల్లి బొమ్మల్లాంటి పనితనం వాటికి లేదు కాని, ఎద్దు మూపురం ఎక్కడ మొదలై ఎక్కడ వాలుతుందో ఇప్పుడు చూడకుండానే గీయగలుగుతున్నాను. పూర్తి చేసే బొమ్మల సంఖ్య తగ్గలేదు. మెడ రెండు పక్కలా తిరుగుతోంది.

ఇంతవరకు ఈ బజారులో నాకు దొరకనివి మిజుకి పుస్తకాలు. మూడేళ్ళలో ఒక్కటీ కనబడలేదు. కిందటి ఆదివారం దొంతర ఆయనకు ఆ సంగతి చెప్పాను. ఎవరాయన అని అడిగితే, ఒంటి చేత్తో దయ్యాల బొమ్మలు గీసి, రోజూ బాగా నిద్రపోయి, తొంభై మూడేళ్ళు బతికిన జపాను పెద్దమనిషి అని చెప్పాను. ఆయన జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి, నన్ను పేరు రెండుసార్లు పలకమని, తెలుగులో "మిజుకి" అని రాసుకున్నారు. దాని కింద నా ఫోన్ నంబరు, ఆ పక్కన గుర్తు కోసం "నిద్ర సారు" అని రాశారు.